బల్ల మీద జాగ

ఆ సీస అక్కడ్నే పెట్టు మొగిలన్నా. నేను సీస కోసం రాలే. మా ఆయనకు కల్లు పొయ్యకు అని లొల్లి వెట్టెతందుకు సుత రాలే. గట్ల వచ్చేటోల్లు ఏరే ఉంటరు, వాల్ల మొఖాలు నీకు ఎర్కే. పొద్దుగాల్నే దుకాణం తడ్క తియ్యకముందే ఒక ఆడిది వచ్చి నిలవడ్డదంటె తిట్టనీకే వచ్చిందనుకుంటవ్. అనుకో.

నేను అడగవచ్చింది ఒక్కటే. మా ఆయనను బల్ల మీదికెల్లి ఎందుకు లేపినవ్?

లేపలేదా? మరేమంటరు దాన్ని? "పర్శరాములూ, జర ఏమనుకోకు, ఇంటికి తీస్కపోయి తాగు" అన్నవట. మెల్లగనే అన్నవట. ఆయనే చెప్పిండు, మొగిలయ్య నన్ను ఒక్క తప్పు మాట అనలే అని. మెల్లగ అంటె లేపినట్టు కాదా అన్నా? చెయ్యి వట్టి గుంజితె బాగుండు. చెయ్యన్న వట్టినవ్ అనుకుంటుండె.

ఎవడో మిల్లుల పని చేసెటోడట, కొత్తగ వస్తాండట నీ దుకాణానికి. పక్కకు కుష్టోన్ని కూసోబెట్టినవేంది అని ఎగిరిండట. నలుగురు లేసి నిలవడ్డరట. నీ గిరాకి నీకు కావాలె, నేను కాదనను. గని నువ్వొక్క మాట అనకపోతివా, అది కుష్టు కాదురా అని? ఇన్నేండ్ల సంది చూస్తానవ్ గద.

కుష్టు గాదన్నా. పొలుసుల జబ్బు. సోరియాసిస్ అంటరట, దవాఖానల డాక్టర్ చెప్పంగ చెప్పంగ నాకు నోరు తిరిగింది. అంటుకోదు. అంటుకునేదయితె మొదలు నాకే అంటాలె. చూడు నా చేతులు. చూడు అన్నా, అటెటో చూస్తవేంది. ఆయనతోని ఒక్క పక్కల పండుకుంట, ఆయన అంగీలు పిండుత, ఆయన ఒంటికి నూనె రాస్త. నాకేమన్న అయిందా?

కూసుంట తీ. నిలవడి నిలవడి కాల్లు గుంజుతానయి.

మా జంపఖానాల మగ్గం నువ్వు చూసే ఉంటవ్. పెండ్లిళ్లకు పరిచేటి పెద్ద జంపఖాన ఒక్కనితోని కాదు. ఇద్దరు ఒక్క చెక్క మీద పక్కపక్కన కూసోవాలె. మోకాలుకు మోకాలు తగులుతాంటది. ఈయన సగం దాక నూలు పంపితె, ఆయన అందుకోని అటు అంచు దాక తీస్కపోతడు. మల్ల ఇద్దరు ఒక్కసారే దెబ్బ కొట్టాలె. ఒకలు ముందుగాల, ఒకలు ఎనుక కొడితె నేత ఒంకర వస్తది. అందుకే మా సాలోల్లల్ల జోడు కుదురుడు అంటె పెండ్లి కుదిరినట్టే. మా ఆయనకు జోడు సారంగపాణి. నాతోని కంటె ఎక్కువ ఆ మనిషి పక్కకే కూసున్నడు. నువ్వు ఆయననే చేసుకోకపోయినవా అని నేను ఎక్కిరిచ్చేదాన్ని.

మొదలు మోచేతుల మీద వచ్చింది. ఎర్రటి బిళ్లలు, మీద తెల్లటి పొట్టు. రంగు నూలు పడ్తలేదు కావచ్చు అనుకున్నం. తర్వాత మోకాల్లు, నడుము, నెత్తి. గోర్లు సుత గుంతలు వడ్డయి. పొద్దున లేసి పక్క దులిపితె గుప్పెడు పొట్టు రాలుతుండె. ఏపాకు రుద్దినం, గంధకం పూసినం. పరకాల దిక్కు ఎవరో సూదుల డాక్టర్ ఉన్నడంటె బస్సెక్కి పోయినం.

ఆ సూది బగ్గ పనిచేసిందన్నా. అన్ని పొలుసులు రాలిపోయి తోలు చిన్నపిల్లగాని తోలు లెక్క అయింది. మా ఆయన పొట్టి చేతుల అంగి కుట్టిచ్చుకున్నడు. పనేం లేకున్న ఆ అంగి తొడుక్కొని కొత్తవాడ అంత తిరిగిండు. చాయ తాగనీకె పోయిండు, తెల్వని మనిషిని సుత నిలవెట్టి మాట్లాడిండు. నాకు నవ్వొచ్చింది, ఏడుపు సుత వచ్చింది. సూది బందు జేసినంక మల్ల వచ్చింది. ఇంతకింత వచ్చింది. ఆ అంగిని నేను పాత గుడ్డలల్ల కలిపిన, ఆయన అడగలే.

మల్ల పెద్ద దవాఖానకు పోతె నల్లటి మలాం ఇచ్చిండ్రు. తారు వాసన. రాసుకోని మగ్గం మీద కూసుంటె తెల్ల నూలుకు మరక అంటె. మాకు నూలిచ్చే సావుకారి జంపఖాన మర్రేసి చూసి, ఇదేం మరక, ఇదేం పొట్టు, దీని మీద పెండ్లోల్లు కూసోవాలె గద పర్శరాములూ అన్నడు. అందరి ముంగట్నే అన్నడు.

సారంగపాణి చెడ్డోడు గాదు. వాల్ల ఇంటామె భయపడ్డది, ఇంట్ల చిన్నపిల్లలున్నరు అని ఏడ్సిందట. ఒక దినం చెక్క మీద కూసునే ముందు గోనెసంచి మడిసి నడుమ పెట్టిండు. ఏం అనలే. మా ఆయన సుత ఏం అనలే. మోకాలు తగులకుంట కొన్నొద్దులు గట్లనే నేసిండ్రు. నేత అంత ఒంకర టింకర వచ్చింది. తర్వాత ఒకనాడు సారంగపాణి రాలే. ఇగ రానేలే.

మా సాలోల్లల్ల ఆడోల్లు నూలు కండెలు చుడ్తరు గని పెద్ద మగ్గం మీద కూసోరు. నేను కూసున్న. ఆ సంచి తీసి అవుతల పారేసి కూసున్న. మొదట్ల ఆయన నా దెబ్బకు ఆగేది, నేను ఆయన దెబ్బకు ఉరికేది. మెల్లమెల్లగ కుదిరింది. బతుకు ఎల్లింది అన్నా, అబద్ధం చెప్పను.

నీ దుకాణానికి తీస్కవచ్చింది ఆ సారంగపాణే. ఇద్దరు జోడు ఉన్నప్పటి మాట. దురదకు ఆయనకు నిద్ర లేకుండె. గోకీ గోకీ పక్క అంత నెత్తురు చేసేది. ఒక్క సీస తాగి చూడు, ఏం తెల్వదు అని తోలుకవచ్చిండు. ఆనాడు మా ఆయన కంటి నిండ పండుకున్నడు. ఎన్నొద్దులకో పండుకున్నడు. నేను పక్కకు కూసోని చూసిన. నీకు దండం పెట్టిన మనసుల. ఇప్పుడు చెప్తాన, నవ్వకు.

తర్వాత ఒక్క సీసతోని నిద్ర రాలే. నీ సీసల చెట్టు కల్లెంత, కలిపిన మత్తుమందెంత అని నేను అడగ రాలే. నేనడిగినా నువ్వు చెప్పవ్. ఏ దుకాణంల ఏం కలుపుతాండ్రో కొత్తవాడల పిల్లలకు సుత ఎర్కే. డాక్టర్ మొఖం మీద్నే అన్నడు, కల్లు తాగితె నీ పొలుసులు ఎక్కువయితయి అని. మరి తాగకపోతె నిద్ర రాదు సారూ అన్నడు మా ఆయన. నిద్ర గోలీలు రాసిచ్చిండు. అవి ఏసుకోని మీదికెల్లి కల్లు తాగిండు. దురదకు కల్లు, కల్లుకు దురద. ఇగ దానికి అంతు లేదు.

తిట్టిన. తిట్టలేదని చెప్తలే. అన్నం పెట్టకుంట ఎండగొట్టిన. మా అన్నను పిలిపిచ్చి కొట్టిచ్చిన సుత. ఒకనాడు ఇదే దుకాణానికి గుంజుకపోదామని వచ్చిన. నువ్వు చూసినవో లేదో.

తడ్క సందుల్నుంచి చూసిన. ఆయన బల్ల మీద నడుమ కూసున్నడు. అంచుకు గాదు, నడుమ. అటొకడు, ఇటొకడు. రిక్ష తొక్కెటాయన ఉంటడు చూడు, రాంచందర్, ఆయన మా ఆయన భుజం మీద చెయ్యేసి ఏదో ముచ్చట చెప్తాండు. అందరు ఒక్క ఆకుల ఉడకవెట్టిన శెనగ గుడాలు తింటాండ్రు. మా ఆయన చెయ్యి పెట్టిన ఆకుల్నే వాల్లు సుత చెయ్యి పెడ్తాండ్రు. మత్తుల ఉన్నోల్లకు ఎవని తోలు ఎట్లున్నది ఎవనికి కావాలె? మా ఆయన నవ్వుతాండు. పండ్లన్ని కనబడేటట్టు నవ్వుతాండు. ఆ నవ్వు నేను మర్శేపోయిన.

పిలువలే అన్నా. మెల్లగ తిరిగి ఇంటికి పోయిన.

ఎందుకంటె బయట ఆయనకు ఆ జాగ ఎక్కడున్నది చెప్పు? పెండ్లికి పోతె బంతిల పక్కోడు జరుగుతడు. పెండ్లోల్లు ఒరుసుకోని కూసునే జంపఖాన ఆయన నేసిందే, గని ఆయన కూసుంటె సుట్టూత ఇంత జాగ ఖాళీ అయితది. మంగలాయన ఇంటికొచ్చి చేస్త, కొట్టుకు రాకు అంటడు, ఇంటికి రాడు. జాతరకు పోయి వాగుల దిగితె మునిగేటోల్లు అటు జరిగి మునుగుతరు. ఎవలు ఏం అనరు. అదే గద. అంటె కొట్లాడొచ్చు.

సరె. మొన్న ఐతారం నువ్వు అన్న మాటకు ఆయన ఇంటికి వచ్చిండు. చేతుల సీస లేదు. గడపల నిలవడి, అనసూర్యా, ఇగ నేను కల్లు దుకాణానికి పోను అన్నడు.

నేను ఏమనుకున్ననో ఎర్కేనా? అమ్మ నా మాట విన్నది అనుకున్న. పోయిన జాతరల సమ్మక్క గద్దె కాడ మొక్కిన, మా ఆయన కల్లు ఇడిస్తె ఆయన ఎత్తు బంగారం పెడ్త తల్లీ అని. బెల్లమే గని అమ్మకు పెట్టేదాన్ని బెల్లం అనొద్దు గద, బంగారమే అనాలె. వచ్చే మాఘంల మేడారం పోవాలె, మొక్కు ముట్టజెప్పాలె అనుకుంట నేను సంబురపడ్డ. ఎందుకు ఇడిసినవయ్యా అని ఒక్క మాట అడిగిన్నా? అడగలే. అడిగితె ఏడ మల్ల తాగుతడో అని భయపడ్డ.

మర్నాడే ఆయనను బజార్ల బెల్లం దుకాణానికి తోలుకపోయిన. పెద్ద కాంట ఎక్కిచ్చిన. కాంట ముల్లు నిలుస్తలేదు. అటూ ఇటూ ఊగుతాంది. దుకాణపాయన, జర కదలకుంట కూసోవయ్యా అంటాండు. కదుల్తలేను అంటాండు ఈయన. చూస్తె చేతులు వణుకుతానయి, గదువ వణుకుతాంది. చెమటలు కారుతానయి. పాపం కొత్తగ ఇడిసిండు, సంబురానికి, సిగ్గుకు వణుకుతాండు అనుకున్న నేను. పిచ్చిదాన్ని. ఆ వణుకుట్లనే తూకం చేపిచ్చిన, ఆ వణుకుకు సరిపడ బెల్లం తెచ్చిన. ఆయన దిగినంక దుకాణపాయన కాంటను గుడ్డతోని తుడిసిండు. మా ఆయన చూసిండు.

తెల్లారి పగటీలి మగ్గం మీద కూసున్నం. జర సేపు బాగనే నేసిండు. తర్వాత పడుగు దిక్కు చూసుకుంట, పోగులు కదులుతానయి అన్నడు. పోగులు కదలవా అయ్యా, మనం నేస్తాంటె అన్న నేను. కాదు, పురుగులయితానయి, తోల్లకు దూరుతానయి అన్నడు. గోకుడు మొదలుపెట్టిండు. ఆపుతె ఆగలే. రెండు చేతులు వట్టుకున్న, నన్ను ఎత్తేసిండు. తెల్ల నూలంత నెత్తురు.

తర్వాత ఒక్కసారే నిమ్మలమయిండు. నా దిక్కు తిరిగి మాట్లాడుతాండు. నేను ఆయనకు మోకాలు ఆనిచ్చి కూసున్న గని నాతోని గాదు మాట్లాడేది. "సారంగం, ఆ సంచి తియ్యరాదు. నేనేమన్ననా నిన్ను? జర ఆ సంచి తియ్యి." గదే మాట. మల్ల గదే మాట. సంచి లేదయ్యా, నేను ఎప్పుడో పారేసిన, నేను అనసూర్యను అని చెప్తాన. నన్ను గుర్తువడ్తలేడు. ఆ మాట అనుకుంట అనుకుంటనే కండ్లు పైకి తేలేసి మగ్గం గుంతల పడ్డడు. కాల్లు చేతులు కొట్టుకున్నయి. నోట్లె నురుగు.

దవాఖానల పడుసు డాక్టర్ ఒకాయన ఉన్నడు. మంచిగ మాట్లాడిండు. గీ మందు కల్లు ఒక్కసారే బందు జేస్తె గిట్లనే ఫిట్స్ వస్తయి, పానం సుత పోతది, నీకెవలు చెప్పలేదా అమ్మా అన్నడు. ఎవలు చెప్తరు? నేను సమ్మక్క ఇడిపిచ్చింది అనుకుంటి.

మల్ల ఆయనను అడిగిండు డాక్టర్, చావాలె అనిపిస్తాందా అని. మా ఆయన, జొరమున్నదా అని అడిగితె చెప్పినట్టు చెప్పిండు. అనిపిస్తాంది సారూ, చాన దినాల సంది అనిపిస్తాంది. నా మొఖం దిక్కు చూడలే.

ఆ డాక్టర్ నన్ను పక్కకు పిలిసి, పట్నం తోలుకపో, ఆడ మనసు డాక్టర్లుంటరు అన్నడు. ఏం చేస్తరు సారూ అన్న. మందులిస్తరు, కూసోబెట్టి మాట్లాడుతరు అన్నడు. మగ్గం ఇడిసి, ఇల్లు ఇడిసి నేను ఏ పట్నం పోవాలె, ఆడ నాకు ఎవలున్నరు? అందాక జర జాగ్రత్త అమ్మా అన్నడు. ఇంట్ల తాళ్లు గిట్ల ఉంటె కనబడకుంట దాసిపెట్టు అన్నడు.

సాలోల్ల ఇంట్ల తాళ్లు ఏడ దాసిపెట్టాలె అన్నా?

నువ్వే చెప్పు. ఇల్లంత పోగే. మగ్గానికి తాడు, దూలానికి తాడు, మూలకు నూలు కట్టలు. పడుగు కోసి బయట పారేద్దునా? అది సావుకారిది. డాక్టర్‌కు ఏం తెలుస్తది, మా ఇల్లు ఆయన చూడలే. సరె సారూ అన్న. వచ్చి ఇంటి నడుమ నిలవడి నాలుగు దిక్కుల చూసిన. ఎక్కడికెల్లి మొదలుపెట్టాలో తెలువక అక్కడ్నే కూసున్న.

ఇప్పుడు పక్కింటి చిలుకమ్మను కాపలా కూసోబెట్టి వచ్చిన. ఆమె సుత గడప మీద్నే కూసున్నది, లోపలికి పోదు. ఆయన గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. గోలీలు నాలుక కింద పెట్టుకోని నేను అటు తిరగంగనే ఊంచుతాండు.

ఇంటికి సీస పంపుత అంటానవా? అగో, మల్ల గదే. సీస అక్కడ్నే పెట్టమన్న గద నిన్ను.

నిన్న తెప్పిచ్చిన అన్నా. డాక్టరే అన్నడు, ఒక్కసారే గాదు, మెల్లమెల్లగ తగ్గిచ్చాలె అని. నేనే, ఇన్నేండ్లు కల్లు పేరెత్తితె మన్ను పోసినదాన్ని, చిలుకమ్మ మొగనితోని నీ దుకాణం సీసే తెప్పిచ్చి, గిలాసల పోసి ఆయన ముంగట పెట్టిన. తాగయ్యా అన్న. చూసిండు. "ఒక్కన్ని కూసోని దీంతోని ఏం చేసుకోవాలె అనసూర్యా?" అన్నడు. మల్ల గోడ దిక్కు తిరిగిండు. నేనున్న గద అన్న. నువ్వున్నవ్ తీ అన్నడు. గంతే.

అందుకే వచ్చిన. నువ్వు ఇంటికి వచ్చి పిలువాలె. నీ నోటితోని లేపినవ్, నీ నోటితోనే పిలువాలె. బల్ల మీద కూసోబెట్టాలె.

తాగితె ఏమయితదో నాకు తెల్వదనుకుంటానవా? డాక్టర్ అంత చెప్పిండు. ఇప్పటికే కారిజం ఖరాబయిందట. పొలుసులు ఎక్కువయితయి, కాల్లు ఉబ్బుతయి, పోతడు. తాగకుంటె ఆ గోడ కాడ పోతడు, నాకు తెలుస్తనే ఉన్నది. తాగితె జర ఆలస్యంగ పోతడు. నలుగుట్ల కూసోని పోతడు. ఈ రెంటిట్ల నేను ఏరుకోవాలె. మొక్కు సంగతి అంటవా? తెచ్చిన బంగారం కుండలల్ల ఉన్నది, చీమలు పడ్తానయి. అమ్మకు ఏమని చెప్పుకోవాలెనో నాకే తెల్వది. ఇడిసిండు అని చెప్పాలెనా, ఇడిసినోన్ని నేనే మల్ల పట్టిచ్చిన అని చెప్పాలెనా?

ఏమంటానవ్? ఎనుకకా?

ఆ ఖాళీ సీసల డబ్బాలు పేర్సిన కాడనా? అటు ఎవలు కూసుంటరన్నా? ఎవలు కూసోరు గద. నీ గిరాకి పోతది అంటవ్. ఆ మిల్లోడు మల్ల ఎగురుతడు అంటవ్.

జర ఇటు దిక్కు, బల్ల అంచుకన్న?

కాదా.

సరె. ఆడ్నే కూసోబెట్టు. అందరు మాట్లాడేదన్న ఇనబడతది. నడుమ జాగ అడగవచ్చి డబ్బాల ఎనుకకు ఒప్పుకుంటాన, చూసినవా నా బతుకు. ఒక బల్ల చెక్క ఏయి అన్నా, కింద మన్నుల కూసుంటె తోలు పగులుతది. గుడాలు ఒక ఆకుల పెట్టియ్యి. నువ్వు తిరుగుకుంట తిరుగుకుంట జర ఆ దిక్కు పోయి, ఏం పర్శరాములూ అని ఒక్క మాట అను.

ఇంకొకటి. నేను వచ్చిన అని చెప్పకు. పెండ్లాం పోయి జాగ కోసం బతిమిలాడుకున్నది అని తెలిస్తె ఆయన రాడు, ఇగ ఎన్నటికి రాడు. కొట్లాడ వచ్చింది అని చెప్పు కావాల్నంటె. కల్లు పొయ్యకు అని శాపనార్థాలు పెట్టిపోయింది అను, నమ్ముతడు. మొదలు గీ మాట చెప్పు, దుకాణంల నలుగురు నీ గురించి అడుగుతాండ్రు అని. పర్శరాములు ఏడి, కానొస్తలేడేంది, ఆయన లేకపోతె మంచిగ లేదు అని అడుగుతాండ్రను. ఆ రిక్షాయన పేరు చెప్పు. రాంచందర్ దినాం అడుగుతాండు అను.

నిజంగ అడిగిండ్రా అన్నా, ఎవలన్న?

రాంచందర్ సుత అడగలేదా?

సరె తీ. అడిగిండ్రనే చెప్పు.